ఓటు ఎటు నడిచింది? ప్రాధాన్య ఎన్నికల బొమ్మల్లో కొన్ని విశేషాలు

రాష్ట్రపతి పదవికి ఇద్దరు తెలుగువాళ్లు తలపడిన సంగతి చాలామందికి తెలుసు. ఆ లెక్కింపును బొమ్మగా గీస్తే, ఓడినాయన వైపు వచ్చి చేరిన ధార గెలిచినాయన వైపు చేరినదానికంటే దాదాపు అయిదింతలు లావుగా కనిపిస్తుందన్న సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు.

అది 1969 ఆగస్టు. జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూయడంతో వచ్చిన ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా దిగిన వి.వి. గిరి బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టినవారు. మూడో ప్రముఖుడు సి.డి. దేశ్‌ముఖ్, ఆయన వెనక స్వతంత్ర పార్టీ, జనసంఘ్. మొత్తం 15 మంది బరిలో ఉన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ చూస్తే గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలుపుకు కావలసిన కోటా 4,18,169. ఎవరికీ అందలేదు. అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినీ తొలగిస్తూ, వాళ్ల ఓటుపత్రాల మీద తర్వాతి ప్రాధాన్యం ఎవరికి ఉందో చూసి అటు కలుపుతూ పోయారు. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427.

ఇప్పుడు తీసివేత చేయండి. రెండో దశలో సంజీవరెడ్డికి కలిసినవి 91,879. గిరికి కలిసినవి 18,562 మాత్రమే. దేశ్‌ముఖ్ వైపున్న వాళ్లు తమ రెండో ఓటును చాలావరకు సంజీవరెడ్డికే వేశారన్నమాట. కానీ గిరి అప్పటికే గట్టుకు దగ్గరగా ఉన్నారు. కోటాను 1,908తో దాటేశారు. ‘రెండో ప్రాధాన్య ఓట్లతో గిరి గెలిచారు’ అని పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో చదువుకుంటాం. అది అబద్ధం కాదు గానీ, రెండో ప్రాధాన్యాలన్నీ ఆయనకే పడ్డాయేమో అనిపించేలా ఉంటుంది. బొమ్మ గీసి ఉంటే ఆ పొరపాటు భావన పుట్టేది కాదు. మన రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండో ప్రాధాన్యాల దాకా వెళ్లిన లెక్కింపు అదొక్కటే.

సున్నాలు, ఒక 576

ఆ 15 మందిలో అయిదుగురికి ఒక్క ఓటు కూడా రాలేదు. ఇంకొకాయనకు వచ్చిన విలువ సరిగ్గా 576. అప్పట్లో ఒక ఎంపీ ఓటు విలువ కూడా 576. రాష్ట్రపతి ఎన్నికలో బొమ్మ గీసేవాడు మనుషుల్ని లెక్కపెడితే చాలదు, ఓటు విలువను గీయాలి. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208, సిక్కిం ఎమ్మెల్యేది 7. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు మన ఎమ్మెల్యేది 148. ఈ లెక్కలన్నీ ఇప్పటికీ 1971 జనాభా మీదే నడుస్తున్నాయి.

సంజీవరెడ్డి 1977లో మళ్లీ నిలబడ్డారు. దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురయ్యాయి. ఆ ఏకగ్రీవానికి బొమ్మ అక్కర్లేదు.

ఆవిరి యంత్రం నుంచి ఓటు పెట్టెకు

ప్రాధాన్య ఓట్ల ఫలితాలకు ఇప్పుడు పత్రికలు, టీవీలు ఎక్కువగా వాడే బొమ్మ శాంకీ చిత్రం. ఎడమ పక్క అభ్యర్థుల పట్టీలు నిలువుగా ఉంటాయి. ఒకరు తొలగిపోగానే ఆ పట్టీ పాయలుగా చీలి మిగిలినవారి పట్టీల్లో కలుస్తుంది. పాయ ఎంత లావుంటే అన్ని ఓట్లు. మన కాలువల పంపకం చూసినవాళ్లకు దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

దీన్ని గీసిన మాథ్యూ హెన్రీ ఫినియస్ రియాల్ శాంకీకి ఎన్నికలతో ఏ సంబంధమూ లేదు. ఆయన ఇంజినీరు. 1898లో ఆవిరి యంత్రంలో వేడి ఎక్కడ పనికొస్తోంది, ఎక్కడ వృథా అవుతోంది అన్నది చూపడానికి గీశాడు. తమాషా ఏమిటంటే ఆయన పుట్టింది ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీలో. ప్రపంచంలో ప్రాధాన్య ఓట్ల లెక్కింపును జాతరలా జరుపుకునే దేశం కూడా ఐర్లండే. అక్కడ ఎన్నికలైన మర్నాడు శాంకీ బొమ్మలే బొమ్మలు.

లావు తగ్గే పట్టీతో కథ చెప్పడం శాంకీకంటే ముందే ఉంది. ఫ్రాన్స్ ఇంజినీరు షార్ల్ జోసెఫ్ మినార్ 1869లో నెపోలియన్ రష్యా దండయాత్రను అలాగే గీశాడు. 4,22,000 మందితో బయల్దేరిన పట్టీ, తిరిగొచ్చేసరికి 10,000 మంది సన్నని గీత.

పిల్లలే పట్టీలు

కాగితం మీద గీతలు రాకముందు ఈ లెక్కింపును మనుషులతోనే చేసి చూపినవాడున్నాడు. బర్మింగ్‌హామ్ బడిపంతులు థామస్ రైట్ హిల్. బడిలో కమిటీ ఎన్నిక వస్తే పిల్లల్ని తమకు నచ్చినవాడి పక్కన వెళ్లి నిలబడమనేవాడట. ఒకడి దగ్గర అవసరానికి మించి జనం చేరితే మిగులు పిల్లలు వేరే గుంపుకు జరగాలి. ఒకడి దగ్గర మరీ తక్కువుంటే ఆ గుంపు చెదిరి మరోచోట చేరాలి. మిగులు బదిలీ, తొలగింపు, ఈ రెండు సూత్రాలూ అందులోనే ఉన్నాయి. ఈ రోజు హైదరాబాద్‌లో ఎమ్మెల్సీ ఎన్నికల కౌంటింగ్ హాల్లో అధికారులు చేసేది కూడా అదే, పిల్లల బదులు ఓటుపత్రాలతో.

ఆయన కొడుకు రోలండ్ హిల్. పోస్టల్ స్టాంపుకు తండ్రిగా పేరుపడిన రోలండ్ హిల్ ఆయనే. 1840లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ నగరపాలక ఎన్నికలో తండ్రి పద్ధతికి దగ్గరి పద్ధతినే వాడారు. బ్రిటన్‌లో పెన్నీ స్టాంపు వచ్చిందీ అదే ఏడాది.

కంచెకానుకుని బొమ్మ గీసేవాళ్లు

ఐర్లండ్‌లో ఓటు పెట్టెలు తెరిచే హాల్లో అడ్డుకంచెకు ఆనుకుని, వంగి, చేతిలో అట్టా పెన్సిలూ పట్టుకున్న జనం కనిపిస్తారు. వీళ్లను ట్యాలీమెన్ అంటారు. అధికారులు ఓటుపత్రాలను విప్పి సరిచేస్తున్నప్పుడు మొదటి ప్రాధాన్యం ఎవరికుందో కంటితో పట్టేసి గీతలు పెట్టుకుంటారు. అన్ని పార్టీలవాళ్లూ ఆ లెక్కలు పంచుకోవడం అక్కడ మామూలే. బయట బద్ధశత్రువులు, కంచె దగ్గర కలిసి కూడికలు. పెట్టెలు కలిపేశాక అధికారిక లెక్కలో ఏ పెట్టెలో ఎవరికెన్ని అన్నది ఉండదు. ఊరివారీ, వీధివారీ లెక్క ఈ ట్యాలీమెన్ దగ్గరే దొరుకుతుంది. పోలింగ్ ఏజెంట్లుగా పనిచేసిన మనవాళ్లకు ఈ ఉబలాటం కొత్తేమీ కాదు.

2002లో ఆ దేశం యంత్రాల ఓటింగును మూడు నియోజకవర్గాల్లో ప్రయోగించింది. డబ్లిన్ నార్త్, డబ్లిన్ వెస్ట్, మీత్. మీట నొక్కగానే అన్ని రౌండ్లూ ఒక్కసారే తేలిపోయాయి. మాజీ మంత్రి నోరా ఓవెన్‌కు తాను ఓడినట్టు అందరి ముందూ, ఏ సూచనా లేకుండా, ఆ క్షణాన తెలిసింది. రౌండు రౌండుకూ మనసును సిద్ధం చేసుకునే వ్యవధి ఆమెకు దొరకలేదు. ఆ దృశ్యం చాలామందికి మింగుడు పడలేదు. యంత్రాల భద్రత మీద అనుమానాలు కూడా తోడయ్యాయి. 5 కోట్ల యూరోలకు పైగా పోసి కొన్న యంత్రాలను 2012లో సుమారు 70 వేల యూరోలకు తుక్కుగా అమ్మేశారు.

అయితే ఆ ప్రయోగం ఒక మంచి పని చేసింది. ఆ మూడు చోట్లా పడిన ప్రతి ఓటుపత్రం, పేరు లేకుండా, వరుస క్రమంతో సహా బయటికొచ్చింది. ప్రాధాన్య ఓట్ల మీద పరిశోధన చేసేవాళ్లు, కొత్త బొమ్మలు ప్రయత్నించేవాళ్లు ఇప్పటికీ ఆ మూటనే ముందు విప్పుతారు. యంత్రాలు తుక్కులోకి, సమాచారం తరగతి గదుల్లోకి.

ఒకటో స్థానం మోసం

మొదటి రౌండు బార్ చార్టు ఒక్కటే వేసి వదిలేస్తే ఎంత తప్పుదారి పట్టిస్తుందో చెప్పే ఉదాహరణలు బోలెడు. 1990 ఐర్లండ్ అధ్యక్ష ఎన్నికలో బ్రయన్ లెనిహాన్‌కు మొదటి ప్రాధాన్యాల్లో 44 శాతం, మేరీ రాబిన్సన్‌కు 39 శాతం. మూడోవాడు ఆస్టిన్ కరీ తప్పుకోగానే ఆ ఓట్లలో చాలాభాగం రాబిన్సన్ వైపు వచ్చాయి. ఆ దేశానికి మొదటి మహిళా అధ్యక్షురాలు ఆమె.

అంతకంటే నాకు నచ్చినది ఆస్ట్రేలియాలో 2010 నాటి డెనిసన్ స్థానం. లేబర్‌కు 35.8 శాతం, లిబరల్‌కు 22.7, స్వతంత్రుడు ఆండ్రూ విల్కీకి 21.3, గ్రీన్స్‌కు 19. మూడో స్థానంలో ఉన్నవాడు గెలుస్తాడని ఏ బార్ చార్టు చెబుతుంది? గ్రీన్స్ పట్టీ చీలగానే విల్కీ లిబరల్‌ను దాటాడు. లిబరల్ పట్టీ చీలగానే లేబర్‌నూ దాటాడు. ఆ ఏడాది అక్కడ ఎవరికీ మెజారిటీ రాలేదు కాబట్టి జూలియా గిలార్డ్ ప్రభుత్వం నిలబడటానికి కావలసిన ఆ కొద్దిమందిలో ఆయనా ఒకడయ్యాడు.

అదే దేశంలో 2013లో రికీ మ్యూయిర్ అనే ఆయన విక్టోరియా నుంచి సెనేట్‌కు వెళ్లాడు. మొదటి ప్రాధాన్యాల్లో ఆయన పార్టీ వాటా 0.51 శాతం. కోటా 14 శాతం పైచిలుకు. బొమ్మలో ఆయన గీత నేలను రాసుకుంటూ మొదలై చిన్న పార్టీలన్నిటినీ మింగుతూ పైకి లేస్తుంది. ఇది ఓటర్ల ఇష్టం కాదు, పార్టీల మధ్య ముందే కుదిరిన బేరం. ఓటరు ఒక పార్టీ గడిలో ‘1’ వేస్తే మిగతా వరుసంతా ఆ పార్టీ సమర్పించిన జాబితా ప్రకారం నడిచే పద్ధతి అప్పట్లో ఉండేది. 2016లో తీసేశారు.

దుప్పటంత ఓటుపత్రం

1999లో న్యూ సౌత్ వేల్స్ ఎగువసభకు 264 మంది నిలబడ్డారు. ఓటుపత్రం దాదాపు మీటరు పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని అక్కడివాళ్లు టేబుల్‌క్లాత్ అని ఎగతాళి చేశారు. మనకు నవ్వే అర్హత తక్కువ. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి ఫ్లోరైడ్ బాధితుల నిరసనతో 480 మంది నిలబడ్డారు. అది ప్రాధాన్య ఓటు ఎన్నిక కాదు కాబట్టి సరిపోయింది.

ఎన్ని వరుసలు సాధ్యం?

ముగ్గురు అభ్యర్థులుంటే పూర్తి వరుసలు 6. పది మందైతే 36,28,800. అందుకే ముగ్గురి ఎన్నికకు బొమ్మ గీయడం సుఖం. అమెరికన్ గణితవేత్త డోనాల్డ్ సారి ముగ్గురినీ ఒక త్రిభుజం మూడు మూలల్లో పెట్టి, లోపల ఆరు గదులు చేసి, ఏ వరుసకు ఎన్ని ఓట్లో ఆ గదిలో రాసేస్తాడు. ఎవరు ఎవరిని ముఖాముఖిలో ఓడిస్తారో ఆ గదుల్ని కూడితే కనిపిస్తుంది. ఒకే చిత్రం మీద నాలుగైదు ఎన్నికల పద్ధతుల్ని పరీక్షించొచ్చు.

93 మంది ఉంటే? సాధ్యమైన వరుసల సంఖ్య రాయడానికే 145 అంకెలు కావాలి. ఇది ఊహాలెక్క కాదు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో నిలబడింది 93 మందే. నల్గొండ-ఖమ్మం-వరంగల్‌లో 71 మంది. జంబో ఓటుపత్రాలు, వాటికి జంబో పెట్టెలు, రోజుల తరబడి కౌంటింగ్.

హైదరాబాద్ లెక్కలో దాగిన యాభై వేలు

ఆ ఎన్నిక మీద కాస్త ఆగుదాం. మనకు దగ్గరిది, పైగా ఎవరూ సరిగ్గా బొమ్మ గీయనిది. చెల్లిన ఓట్లు సుమారు 3,37,000. కోటా 1,68,520. మొదటి ప్రాధాన్యాల్లో సురభి వాణీదేవికి 1,12,689, ఎన్. రాంచందర్‌రావుకు 1,04,668, కె. నాగేశ్వర్‌కు 53,610. తొంభై ఒక్క మంది తొలగింపు పూర్తయి ఇద్దరే మిగిలినప్పుడు వాణీదేవి 1,49,269, రాంచందర్‌రావు 1,37,566. తేడా 11,703.

ఈ రెంటినీ కలపండి. 2,86,835 వస్తుంది. చెల్లిన ఓట్లలో ఇంకా 50 వేలకు పైగా ఏమయ్యాయి? అవి ఎగ్జాస్ట్ అయినవి. అంటే ఆ ఓటరు రాసిన ప్రాధాన్యాలన్నీ అయిపోయాయి, బరిలో మిగిలిన ఇద్దరిలో ఎవరికీ అంకె లేదు. ‘1’ ఒక్కటే వేసి మడిచి పెట్టెలో వేసినవాళ్లు, నచ్చిన ముగ్గురి పేర్లతో ఆపేసినవాళ్లు, అందరూ అందులోనే. చివరి ఇద్దరిలో ఎవరూ కోటాను అందుకోకపోవడానికి కారణం ఈ గుట్టే. ఇవి కాక 21 వేలకు పైగా ఓట్లు చెల్లనే లేదు. పట్టభద్రుల ఎన్నికలో.

మన పత్రికల్లో ఆ మూడు నాలుగు రోజులూ రౌండువారీ పట్టికలు వచ్చాయి, ఆధిక్యాలు వచ్చాయి. ఎటూ చేరని ఆ యాభై వేలను ఒక రంగులో చూపిన బొమ్మ మాత్రం నా కంటపడలేదు. ప్రాధాన్య ఓటు బొమ్మ మంచిదా కాదా అని తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే: ఆగిపోయిన ఓట్లకు చోటిచ్చిందా, లేదా? విదేశీ పత్రికలు సాధారణంగా వాటికి బూడిద రంగు వేస్తాయి. కొన్ని ఆ రంగును కూడా మాయం చేస్తాయి. ఎలాగో న్యూయార్క్ చెబుతుంది.

50.4 శాతమా, 43 శాతమా?

2021 న్యూయార్క్ మేయర్ పదవికి డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నిక. ఎరిక్ ఆడమ్స్‌కు చివరి రౌండులో 4,04,513, క్యాథరిన్ గార్సియాకు 3,97,316. తేడా 7,197. ఆడమ్స్‌కు 50.4 శాతం అని ప్రకటించారు. కానీ అప్పటికి 1,40,202 ఓటుపత్రాలు ఎగ్జాస్ట్ అయిపోయాయి. వాటినీ కలిపి చూస్తే ఆడమ్స్ వాటా 43 శాతమే. అక్కడ ప్రతి రౌండులోనూ మిగిలిన ఓట్లనే నూరు శాతంగా తీసుకుంటారు, కాబట్టి చివరికి ఎవరో ఒకరు సగం దాటి తీరతారు. మన పద్ధతిలో కోటా మొదటే తేలిపోతుంది, చివరిదాకా మారదు. అందుకే హైదరాబాద్‌లో ఇద్దరూ కోటాకు కిందే ఉండిపోయారు. ఆగిపోయిన ఓట్లను మన లెక్క దాచదు. దాచేది మన చార్టులే.

ఆ న్యూయార్క్ లెక్కింపులోనే ఇంకో వింత. మొదట విడుదల చేసిన ఫలితాల్లో, పరీక్ష కోసం కంప్యూటర్లో వేసుకున్న సుమారు 1,35,000 ఉత్తుత్తి ఓట్లు చెరపకుండా అసలువాటితో కలిసిపోయాయి. కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుని మర్నాడు సరిచేశారు.

ఓక్లాండ్‌లో ఖాళీ గడి

2022 నవంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో స్కూల్ బోర్డు సభ్యుడి ఎన్నిక. ఒకాయన్ను విజేతగా ప్రకటించి, ధ్రువీకరించేశారు కూడా. కొందరు ఓటర్లు మొదటి గడి ఖాళీగా వదిలి రెండో గడి నుంచి మొదలుపెట్టారు. నిబంధన ప్రకారం వాళ్ల రెండోదాన్నే మొదటిదిగా లెక్కించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ వేరేగా ఉండటంతో మొదటి రౌండులో ఆ ఓట్లను పక్కన పెట్టేసింది. ఓటుపత్రాల సమాచారం అందరికీ అందుబాటులో ఉండటంతో బయటి పరిశీలకులు తిరిగి లెక్కేసి తప్పు పట్టారు. అసలు గెలిచింది మూడో స్థానంలో పడేసిన అభ్యర్థి. డిసెంబరు చివర్లో అధికారులు ఒప్పుకున్నారు.

శ్రీలంకలో సన్నని దారాలు

పక్కింటి సంగతి. 2024 సెప్టెంబరు శ్రీలంక అధ్యక్ష ఎన్నికలో, ఆ దేశ చరిత్రలో మొదటిసారి, రెండో ప్రాధాన్యాలు లెక్కించాల్సి వచ్చింది. అనుర కుమార దిస్సనాయకకు 56,34,915, సజిత్ ప్రేమదాసకు 43,63,035. అక్కడ మొదటి ఇద్దర్ని ఉంచి మిగతావాళ్లందర్నీ ఒక్క దెబ్బకు తొలగిస్తారు. అలా తొలగిపోయినవారి దగ్గర 33 లక్షల పైచిలుకు ఓట్లున్నాయి. వాటిలో దిస్సనాయకకు చేరినవి 1,05,264, ప్రేమదాసకు చేరినవి 1,67,867. రెంటినీ కలిపినా ఆ 33 లక్షల్లో 8 శాతం. ఇక్కడా గిరి కథే: బదిలీల్లో ఎక్కువ వచ్చింది ఓడినాయనకు. మిగతా 30 లక్షల పైచిలుకు ఓట్లు అక్కడే ఆగిపోయాయి, ఎందుకంటే శ్రీలంక ఓటరుకు మూడు ప్రాధాన్యాలిచ్చే హక్కు 1982 నుంచీ ఉన్నా, దాన్ని వాడే అలవాటు లేదు. దీన్ని శాంకీగా గీస్తే రెండు సన్నని దారాలు, పెద్ద బూడిద గోడ.

శాంకీ కూడా చూపలేనిది

ఇంతసేపు పొగిడిన శాంకీకి ఒక పెద్ద లోపముంది. చివరిదాకా నిలిచినవారి ఓటుపత్రాల మీద రెండో ప్రాధాన్యం ఎవరికుందో అది చెప్పలేదు. లెక్కింపులో ఆ గడిని అసలు చూడరు గదా.

2022 ఆగస్టు, అలాస్కా. అమెరికా ప్రతినిధుల సభకు ఉపఎన్నిక. మేరీ పెల్టోలా 75,799, సారా పేలిన్ 58,973, నిక్ బెగిచ్ 53,810. బెగిచ్ తప్పుకున్నాడు. ఆయన ఓట్లలో 27,053 పేలిన్‌కు, 15,467 పెల్టోలాకు, 11,290 ఎటూ కాకుండా. పెల్టోలా 91,266తో గెలిచింది, పేలిన్ 86,026. శాంకీ బొమ్మ ఎంతో అందంగా వస్తుంది. తర్వాత ఓటుపత్రాల పూర్తి సమాచారం బయటపెట్టాక, పేలిన్ ఓటర్ల రెండో ప్రాధాన్యాలు కూడా లెక్కేసి చూశారు. బెగిచ్‌ను పెల్టోలాతో ముఖాముఖి నిలబెడితే బెగిచ్ గెలుస్తాడు. పేలిన్‌తో నిలబెట్టినా బెగిచే గెలుస్తాడు. ఇద్దర్నీ విడివిడిగా ఓడించగలవాడు మొదట ఇంటికెళ్లాడు. వెర్మాంట్‌లోని బర్లింగ్‌టన్ మేయర్ ఎన్నికలో 2009లో సరిగ్గా ఇదే జరిగింది. మరుసటి ఏడాదే ఆ ఊరు పద్ధతిని రద్దు చేసుకుంది, 2021లో మళ్లీ తెచ్చుకునేందుకు ఓటేసింది.

ఈ ముఖాముఖి పోలిక ఫ్రాన్స్‌కు చెందిన కొండొర్సే 1785లో ముందుకు తెచ్చినది. దానికి శాంకీ పనికిరాదు, ఎవరి ఎదురుగా ఎవరన్నది చూపే గడుల పట్టిక కావాలి. మన క్రికెట్ టోర్నీల్లో ఎవరు ఎవరి మీద గెలిచారో చూపే పట్టిక లాంటిదే. రెండు బొమ్మలూ పక్కపక్కన వేయని పత్రిక సగం వార్తే చెప్పిందంటాను. ఇక కా-పింగ్ యీ అనే కంప్యూటర్ నిపుణుడు ఇంకా ముందుకెళ్లి, జనాభిప్రాయం ఎటు జరిగితే ఎవరు గెలుస్తారో రంగుల పటాలుగా వేశాడు. ముఖాముఖి పద్ధతిలో పటాలు నున్నగా వచ్చాయి. తొలగింపు పద్ధతిలో ముక్కలు ముక్కలుగా, కొరికినట్టుగా వచ్చాయి. నమ్మనివాళ్లు కూడా ఆ పటాల ముందు కాసేపు ఆగుతారు.

ఒక ఓటులో ముక్క తేడా

రాజ్యసభ ఎన్నికల్లో ప్రతి ఎమ్మెల్యే ఓటునూ 100 గా లెక్కిస్తారు, మిగులును పంచడానికి వీలుగా. 2022 జూన్‌లో హర్యానాలో చెల్లిన ఓట్లు 88, సీట్లు 2, కోటా 2,934. కాంగ్రెస్ అభ్యర్థి అజయ్ మాకెన్‌కు 29 ఓట్లు, అంటే 2,900. స్వతంత్రుడు కార్తికేయ శర్మకు మొదటి ప్రాధాన్యాలు అంతకంటే తక్కువే. కానీ బీజేపీ అభ్యర్థి కృష్ణలాల్ పన్వర్ కోటా దాటి మిగిల్చిన విలువ శర్మకు చేరింది. మాకెన్ ఓడిపోయింది ఒక పూర్తి ఓటు తేడాతో కూడా కాదు, ఓటులో ముక్కతో.

హర్యానాకు ఇంకో ఘనత ఉంది. 2016 రాజ్యసభ ఎన్నికలో వేరే సిరా పెన్ను వాడారని డజను ఓట్లు చెల్లకుండా పోయాయి. తర్వాతి నుంచి ఎన్నికల సంఘం ఊదారంగు సిరా ఉన్న ప్రత్యేక పెన్ను ఇవ్వడం మొదలుపెట్టింది.

అరవోటు, పావోటు

పసిఫిక్ సముద్రంలోని చిన్న దేశం నౌరూలో తొలగింపులే లేవు. మొదటి ప్రాధాన్యానికి 1, రెండోదానికి అర, మూడోదానికి మూడోవంతు, నాలుగోదానికి పావు, అలా కూడేస్తారు. 1971లో దీన్ని రూపొందించింది డెస్మండ్ డౌడాల్. అక్కడ బార్ చార్టు ఒక్కటీ చాలు.

ఆస్కార్‌లో కూడా ప్రాధాన్య ఓటు ఉంది. 2010 మార్చి వేడుక నుంచి ఉత్తమ చిత్రాన్ని ఇలాగే తొలగింపులతో తేలుస్తున్నారు. మిగతా విభాగాల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారిదే గెలుపు. 2023లో ‘నాటు నాటు’కు వచ్చిన పురస్కారం ఈ మామూలు లెక్కదే. ఆస్కార్‌వాళ్లు ఏ లెక్కా బయటపెట్టరు కాబట్టి అక్కడ గీయడానికి బొమ్మే లేదు.

మన ఓటుపత్రం మీద తెలుగు అంకె

చివరగా పనికొచ్చే మాట. మండలి ఎన్నికలో ‘1’ అంకె లేని ఓటు చెల్లదు. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా చెల్లదు, టిక్కు పెట్టినా చెల్లదు. కానీ అంకెను మామూలుగా వాడే రూపంలోనే రాయాలని లేదు. రోమన్ అంకె వేయొచ్చు, భారతీయ భాషల్లో దేని అంకె అయినా వేయొచ్చు. అంటే ౧, ౨, ౩ అని రాసినా ఆ ఓటు లెక్కలోకి వస్తుంది. రెండు, మూడు వేయడం మీ ఇష్టం. వేయకపోతే మీ ఓటు ఏ రౌండులో ఆగుతుందో పైన చూశారు.

పట్టభద్రుల ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. కిందటిసారి ఓటేశాం కదా అని ఊరుకుంటే ఈసారి జాబితాలో పేరుండదు. డిగ్రీ అందుకుని మూడేళ్లు దాటినవాళ్లు ఫారం 18 నింపి మళ్లీ ఇవ్వాల్సిందే, ఉపాధ్యాయ స్థానాలకైతే ఫారం 19. నోటిఫికేషన్ వచ్చినప్పుడు మర్చిపోకండి.